రెట్రో గేమింగ్‌కి ఏది కొనాలి: స్టిక్కా, హ్యాండ్‌హెల్డా, పాత పీఎస్2నా?

పెట్టె మీద "పది వేల గేములు" అని పెద్దక్షరాల్లో రాసుంటే దాన్ని అక్కడే పెట్టేయండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముప్పై దాటిన వాళ్లకి ఇప్పుడు మళ్లీ కాంట్రా కావాలి, మారియో కావాలి. వాళ్లకంటే కొంచెం చిన్నవాళ్లకి టెక్కెన్ 3, వైస్ సిటీ కావాలి. కోఠి గుజరాతీ గల్లీలోకి వెళ్తే టీవీకి గుచ్చే స్టిక్కులు, చేతిలో పట్టే బుల్లి కన్సోళ్లు వరసగా వేలాడుతుంటాయి, ఆన్‌లైన్‌లో అయితే చెప్పక్కర్లేదు. ఏది కొనాలని అడిగేవాళ్లు దాదాపు అందరూ రెండే అడుగుతారు: ఎన్ని గేములున్నాయి, గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి. నేనైతే ముందు ఏ కాలం గేములు కావాలి, ఓడిపోతే ఎంత ఓపిక ఉంది అని అడుగుతా. పాత గేమ్ మీకు ఎంత కష్టంగా అనిపిస్తుందో గేమ్ ఒక్కటే తేల్చదు, మీరు కొన్న మెషీన్, మీ ఇంట్లో టీవీ కూడా తేలుస్తాయి. ఈ ముక్క తెలియక చాలామంది "చిన్నప్పుడు బాగా ఆడేవాణ్ని, ఇప్పుడు చేతులు పడిపోయాయి" అనుకుని కొన్నదాన్ని అటక మీద పడేస్తున్నారు.

అసలు పాత గేములు అంత కష్టంగా ఎందుకుండేవి? మా ఫ్రెండ్స్‌లో ఒక బ్యాచ్ "అప్పటి మనకి దమ్ముండేది, ఇప్పటి పిల్లలకి లేదు" అంటుంది. అదంతా ఉత్త సెల్ఫ్ డబ్బా. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కేబీ, మీ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే పెద్దదే. అంత చిన్న చోటులో పది గంటల కథ ఎక్కడ పడుతుంది? అందుకే అరగంటలో అయిపోయే ఆటని నెలల తరబడి ఆడించాలంటే వాళ్లకి ఉన్న దారి ఒకటే, ఆడేవాణ్ని పదే పదే చంపడం. ఆర్కేడ్ నుంచి ఇంటికొచ్చిన గేములైతే ఇంకో రకం, అవి పుట్టిందే మన జేబులో నాణేలు లాగడానికి. ఘోస్ట్స్ అండ్ గాబ్లిన్స్ అనే గేమ్‌లో చచ్చీ చెడీ చివరిదాకా వెళ్తే "ఇది మాయ, మళ్లీ మొదటి నుంచి ఆడు" అని వెనక్కి పంపిస్తుంది, రెండోసారి ముగిస్తేనే అసలు ముగింపు.

ఇంకా చిత్రమేంటంటే ఒకే గేమ్ దేశాన్ని బట్టి మారేది. 1994లో సెగా మెగా డ్రైవ్ కన్సోల్ మీద వచ్చిన కాంట్రా హార్డ్ కోర్ జపాన్ వెర్షన్‌లో ఒక లైఫ్‌కి మూడు దెబ్బలు తినొచ్చు, అదే అమెరికా వెర్షన్‌లో ఒక్క దెబ్బకే పోతాం. అక్కడ గేములు అద్దెకి తెచ్చుకునే అలవాటు ఎక్కువ, రెండ్రోజుల్లో ముగించేస్తే ఇక ఎవరు కొంటారని కష్టం పెంచేవాళ్లని అంటారు. అంటే మనం "పాత గేముల గొప్పదనం" అని మురిసిపోయే దాంట్లో కొంత వ్యాపారం కూడా ఉంది. అందుకని సేవ్ స్టేట్ (ఎక్కడంటే అక్కడ ఆట దాచుకోవడం) వాడితే మోసం, రివైండ్ (చచ్చాక కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లడం) వాడితే పాపం అనే వాళ్లని లైట్ తీసుకోండి. నా పద్ధతి మాత్రం ఒకటుంది: స్టేజ్ మొదట్లో సేవ్ చేస్తా, మధ్యలో చేయను. అడుగడుక్కీ సేవ్ చేస్తే గేమ్ అరగంటలో అయిపోతుంది, ఏం ఆడామో కూడా గుర్తుండదు. ఆఫీసులో నాకంటే బాగా చిన్నవాడు ఒకడున్నాడు, వాడు దూకిన ప్రతిసారీ రివైండ్ కొడతాడు, వాడి ఆనందం వాడిది.

ఇప్పుడు మెషీన్ సంగతి. మన చిన్నప్పటి టీవీ గేములు నింటెండో ఫ్యామికామ్‌కి కాపీలు, వాటిలో చాలావరకు మన టీవీలు వాడిన పాల్ అనే పద్ధతికి తగ్గట్టు సెకనుకి 50 ఫ్రేములతో, అంటే 50 బొమ్మలతో నడిచేవి. గేములేమో జపాన్, అమెరికా టీవీల కోసం 60 ఫ్రేములకి రాసినవి. కాబట్టి ఆ మెషీన్ల మీద గేమ్ అసలు వేగం కంటే దాదాపు 17 శాతం మెల్లగా నడిచేది, పాట కూడా కొంచెం సాగదీసినట్టు వినిపించేది. ఇప్పుడు ఏ ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టినా అదే కాంట్రా 60లో పరుగెడుతుంది. "ఏంటి ఇంత ఫాస్ట్‌గా ఉంది" అనిపిస్తే మీ వయసుని తిట్టుకోకండి, నిజంగానే ఫాస్ట్. నాలుగు రోజులు ఆడితే అలవాటైపోతుంది. ఈ తలనొప్పి అటువైపు నుంచి కూడా వచ్చింది: సోనీ 2018లో ప్లేస్టేషన్ క్లాసిక్ అని 20 గేములతో చిన్న మెషీన్ తెస్తే, అందులో టెక్కెన్ 3తో సహా తొమ్మిది గేములు 50 ఫ్రేముల వెర్షన్లు పెట్టారు, ఫ్యాన్స్ సోనీని ఒక ఆట ఆడుకున్నారు.

వేగానికి అలవాటు పడొచ్చు గానీ ల్యాగ్‌కి పడలేం. బటన్ నొక్కడానికీ తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య జరిగే ఆలస్యం అది. అరవై ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మీ టీవీలో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఆఫ్‌లో ఉండి, దానికి తోడు గేమ్ ఆడే చవక వైర్‌లెస్ రిమోట్ (కంట్రోలర్) ఉంటే, రెండూ కలిపి 100 మిల్లీసెకన్లు పోవడం పెద్ద విషయం కాదు. అంటే ఆరు ఫ్రేములు. ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తే మారియో ఒక్కో ఫ్రేమ్‌కి రెండున్నర పిక్సెళ్లు జరుగుతాడు, ఆరు ఫ్రేములకి పదిహేను పిక్సెళ్లు, ఒక ఇటుక వెడల్పు పదహారు. మీరు అంచు మీద కరెక్ట్‌గా నొక్కినా వాడు ఒక ఇటుక దూరం ముందుకెళ్లాక దూకుతాడు, అంటే దూకడు, గుంతలో పడతాడు. పాత డబ్బా టీవీలో ఈ బాధ లేదు, కన్సోల్ నుంచి సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు గీసుకుంటూ పోతుంది.

అందుకే ఆ స్టిక్కులంటే నాకు పడదు. షాపులో అబ్బాయి "అన్నా, ఫోర్‌కే ఉంది, దస్ హజార్ గేమ్స్, రెండు రిమోట్లు ఫ్రీ" అంటాడు. ఫోర్‌కే అంటే తెరకి పంపే సిగ్నల్ మాత్రమే, 256 పిక్సెళ్ల వెడల్పున్న మారియోని సాగదీసి పంపితే కొత్తగా ఏ వివరమూ పుట్టదు. పది వేలల్లో చాలావి అవే గేములు మళ్లీ మళ్లీ, కొంచెం పేరు మార్చి. చిన్నప్పుడు క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసి, తీరా చూస్తే అదే కాంట్రా ఒకసారి రెండో స్టేజ్ నుంచి, ఇంకోసారి ఎక్కువ లైఫ్‌లతో ఉండేది చూడండి, అదే స్కీమ్. పీఎస్1 గేములు పెడితే శబ్దం తెగిపోతుంది, బొమ్మ నత్తనడక నడుస్తుంది. రిమోట్ల ల్యాగ్ సంగతి పైన చెప్పాను. పండక్కి ఇంటికొచ్చిన పిల్లలు ఒక పూట గోల చేయడానికైతే సరే, మీ కోసమైతే వద్దు. ఇంకో మాట, అందులోని గేములకి తయారుచేసినవాళ్లకి పైసా కూడా పోదు, అది పైరసీనే, ఆ సంగతి తెలిసి కొనండి.

నా ఓటు హ్యాండ్‌హెల్డ్‌కి. ధర స్టిక్ కంటే రెండు మూడు రెట్లు అవుతుంది, కానీ స్క్రీన్, బటన్లు, చిప్ అన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి మీ టీవీ సెట్టింగ్స్‌తో గొడవే లేదు. మన దగ్గర ఎక్కువగా కనపడేవి మూడు. ఆర్36ఎస్ అన్నింటికంటే చవక, పీఎస్1 దాకా బాగానే లాగుతుంది, కానీ దానికే బోలెడన్ని డూప్లికేట్లు ఉన్నాయి, పైకి ఒకేలా ఉండి లోపల బోర్డు, స్క్రీన్ వేరే ఉంటాయి, ఏది ఒరిజినలో పెట్టె చూసి చెప్పలేం. మియూ మినీ ప్లస్ నిలువుగా, పాత గేమ్ బాయ్‌లా ఉంటుంది. అనలాగ్ స్టిక్కులు (బొటనవేలితో అటూఇటూ తిప్పే బుల్లి పుల్లలు) లేవు, కానీ ఆనియన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే అంత సాఫీగా ఇంకేదీ ఉండదు, స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా నిలబడి వెళ్లేవాళ్లకి, ఒక స్టేషన్‌లో ఆపి ఇంకో స్టేషన్‌లో మొదలుపెట్టడానికి ఇదే సుఖం. మూడోది ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్, అడ్డంగా ఉంటుంది, రెండు అనలాగ్ స్టిక్కులు, టీవీకి కలపడానికి హెచ్‌డీఎంఐ కూడా ఉన్నాయి. పీఎస్1 నీళ్లలా నడుస్తుంది, నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ కొన్ని నడుస్తాయి కొన్ని మొరాయిస్తాయి, పీఎస్‌పీలో తేలికవి ఓకే, పీఎస్2 మాత్రం అడగొద్దు. ఒక్కటే కొనాలంటే ఇది కొనండి.

ఈ మూడింటి స్క్రీన్ కూడా ఒకటే, మూడున్నర అంగుళాలు, 640 బై 480. వినడానికి తక్కువే, కానీ పీఎస్1 గేములు ఎక్కువగా 320 బై 240లో గీస్తాయి, సరిగ్గా రెట్టింపు. ప్రతి పిక్సెల్ నాలుగు పిక్సెళ్లుగా నీట్‌గా కూర్చుంటుంది, ఎక్కడా మసక ఉండదు. అదే గేమ్ బాయ్ అడ్వాన్స్ 240 బై 160, ఇక్కడ సరిగ్గా అతకదు, చుట్టూ నల్ల అంచు వదలాలి లేదా కొంచెం సాగదీయాలి. మీకు పోకెమాన్ ఎమరాల్డే ప్రాణం అయితే అదే కంపెనీది ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ ఉంది, 720 బై 480, సరిగ్గా మూడు రెట్లు.

గ్రాఫిక్స్ గురించి ఇంత రాశాను కదా, ఇంకొంచెం భరించండి, ఎందుకంటే ఫ్యాన్స్ కొట్టుకునేది ఇక్కడే. పాత గేముల బొమ్మల్ని డబ్బా టీవీ మసకని లెక్కలో పెట్టుకునే గీశారు. 1991 నాటి సోనిక్‌లో జలపాతం చూడండి, నిలువు గీతలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అప్పటి టీవీలో ఎల్లో పిన్ను గుచ్చి చూస్తే ఆ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నీళ్ల వెనక ఉన్నవి కనపడేంత పల్చగా జలపాతం కనిపించేది. ఇప్పటి ఎల్‌ఈడీ మీద షార్ప్‌గా చూస్తే కిటికీ ఊచల్లా ఉంటాయి. ఎమ్యులేటర్లలో డబ్బా టీవీ మసకని తెచ్చే సీఆర్‌టీ షేడర్ అనే ఆప్షన్ ఉండేది ఇందుకే, చిన్న స్క్రీన్ మీద అంత తేడా తెలియదు గానీ పెద్ద టీవీకి కలిపితే ఒకసారి ఆన్ చేసి చూడండి. పీఎస్1లో గోడలు, నేల వణుకుతున్నట్టు ఉండేవి గుర్తుందా, అది మీ మెషీన్ లోపం కాదు, ఆ చిప్ బొమ్మని గోడ మీద అతికించేటప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకోదు, మూలల్ని కూడా పూర్తి అంకెలకే సర్దేస్తుంది. కొన్ని ఎమ్యులేటర్లలో ఆ వణుకుని సరిచేసే ఆప్షన్ ఉంటుంది, నేను ఆఫ్‌లోనే పెడతా. వణకని పీఎస్1 నాకు పరాయిదానిలా అనిపిస్తుంది.

గ్రాఫిక్స్ పెంచడం ఎప్పుడూ మేలు కాదనడానికి జీటీఏ శాన్ ఆండ్రియాస్ మంచి సాక్ష్యం. 2004లో పీఎస్2 దూరాన ఉన్నవన్నీ గీయలేక పొగమంచుతో కప్పేసింది, ఆ మంచు వల్లే ఊళ్లన్నీ చాలా దూరదూరంగా ఉన్నట్టు అనిపించేది. 2021లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లో మంచు తీసేశారు, కొండెక్కి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర మ్యాప్ మొత్తం కనపడుతోంది, "ఇంతేనా ఇది" అని అందరూ ఉసూరుమన్నారు. 2024 చివర్లో పాత లైటింగ్‌ని తిరిగి తెచ్చే అప్‌డేట్ ఇచ్చారు.

దీంతో పీఎస్2 దగ్గరికి వచ్చాం. ఆ కాలం వాళ్లయితే, అంటే క్రికెట్ 07, గాడ్ ఆఫ్ వార్, శాన్ ఆండ్రియాస్ బ్యాచ్ అయితే, సెకండ్ హ్యాండ్ పీఎస్2 స్లిమ్ ఇప్పటికీ దొరుకుతుంది, ప్రపంచమంతా 16 కోట్లు అమ్ముడైన మెషీన్ కదా. 2009లో దీని మీద వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్‌ని మన హైదరాబాద్‌లోనే తయారుచేశారు, ఆట సంగతి అడక్కండి గానీ డిస్క్ కనిపిస్తే వదలకండి. కొనేముందు లెన్స్ చూడాలి. డిస్క్ పెట్టగానే కాదు, ఇరవై నిమిషాలు ఆడాక, కొత్త ఏరియా లోడ్ అయ్యేటప్పుడు ఆగిపోతోందా అని చూడాలి. టక్ టక్ అని శబ్దం చేస్తూ వెతుక్కుంటుంటే లెన్స్ అలిసిపోయినట్టే. మెమరీ కార్డ్‌లో సేవ్ చేసి, ఆఫ్ చేసి, మళ్లీ లోడ్ చేయండి.

పీఎస్2ని ఎల్‌ఈడీ టీవీకి కలపడం మాత్రం పెద్ద తతంగం. రెండు మూడు వందల రూపాయల ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బీ పెడితే బొమ్మ కడిగేసినట్టు ఉంటుంది, ల్యాగ్ అదనం. రెట్రోటింక్ లాంటి మంచి కన్వర్టర్లు కన్సోల్ కంటే ఎక్కువ ఖరీదు. నా సలహా, మీ ఇంట్లోనో మీ అమ్మమ్మగారింట్లోనో డబ్బా టీవీ మూలన పడి ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి. లేకపోతే ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్‌లో వెతికితే ఎప్పుడోసారి దొరుకుతుంది. ఆన్ చేసి పది నిమిషాలు వదిలేసి రంగులు, మూలలు చూసుకోండి. వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. రెండో మనిషి లేకుండా మోయడం కూడా కష్టమే, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి. డక్ హంట్ తుపాకీ ఆట కావాలంటే మాత్రం దీనికి ప్రత్యామ్నాయం లేదు, ఆ పాత తుపాకీ డబ్బా టీవీ ముందు మాత్రమే పనిచేస్తుంది.

డబ్బులు పెట్టడం ఇష్టం లేదా? ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ఐ3 చిప్ ఉన్నదైనా పీఎస్1 దాకా హాయిగా నడుస్తుంది, లేకపోతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రీఫర్బిష్డ్‌వి చూడండి. మంచి వైర్డ్ కంట్రోలర్ ఒకటి కొని రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ వేసుకోండి. అందులో రన్ అహెడ్ అని ఒక ఆప్షన్ ఉంది, గేమ్ తన లోపల తానే తీసుకునే ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యాన్ని కూడా తీసేస్తుంది, మామూలు మానిటర్ మీద కూడా డబ్బా టీవీకి దగ్గరగా అనిపిస్తుంది. స్టీమ్‌లో కాంట్రా యానివర్సరీ కలెక్షన్ లాంటివి ఉన్నాయి, మొదటి కాంట్రా, సూపర్ సీ, పైన చెప్పిన హార్డ్ కోర్ అన్నీ అందులో ఉన్నాయి, సేవ్ ఉంది, సేల్‌లో కొంటే బిర్యానీ కంటే తక్కువ పడుతుంది, చట్టప్రకారం కూడా శుభ్రం. ఫోన్‌లో ఆడొచ్చు కదా అంటే ఆడొచ్చు, యాపిల్ వాళ్లు కూడా 2024 ఏప్రిల్ నుంచి ఎమ్యులేటర్లని ఒప్పుకుంటున్నారు, కానీ తెర మీద బటన్లతో కాంట్రా ఆడటం నరకం. ఫోన్‌ని మధ్యలో పెట్టే టైప్ సీ కంట్రోలర్ కొంటేనే ఆ దారి పట్టండి.

మిస్టర్ ఎఫ్‌పీజీఏ, అనలాగ్ పాకెట్ అనే మెషీన్లు కొనేవాళ్లకి నేను చెప్పేదేం లేదు. పాత చిప్ లోపలి సర్క్యూట్‌నే కొత్త చిప్‌లో మళ్లీ కట్టుకునే పద్ధతి అది, అద్భుతంగా ఉంటుంది, తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి జేబు ఖాళీ. ఆ స్థాయి పిచ్చి ఉన్నవాళ్లకి నా సలహా అక్కర్లేదు.

తేల్చి చెప్పమంటే, మారియో, కాంట్రా నుంచి టెక్కెన్ 3 దాకా కావాలంటే ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్, రోజూ మెట్రోలో అయితే మియూ మినీ ప్లస్. పీఎస్2 బ్యాచ్ అయితే డబ్బా టీవీతో కలిపి పీఎస్2, టీవీ దొరక్కపోతే కాస్త బలమైన పీసీలో పీసీఎస్‌ఎక్స్2 అనే పీఎస్2 ఎమ్యులేటర్. సరదా ఎన్ని రోజులుంటుందో మీకే డౌట్‌గా ఉంటే ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్, అంతే.

హ్యాండ్‌హెల్డ్ షాపులోనే కొంటే (అలీ ఎక్స్‌ప్రెస్ మన దగ్గర 2020లోనే బ్యాన్ అయింది కాబట్టి ఎవరో దిగుమతి చేసిందే కొనాలి) డబ్బులిచ్చే ముందు మారియో మొదటి స్టేజ్ పెట్టమనండి. పరుగెడుతూ తెర సాఫీగా జరుగుతోందా, అప్పుడప్పుడూ కుదుపు వస్తోందా చూడండి, పాట చెవిపెట్టి వినండి, చిప్ చాలకపోతే ముందు తెగేది శబ్దమే. తర్వాత ఏదైనా ఫైటింగ్ గేమ్‌లో బొటనవేలిని కిందనుంచి కుడికి గుండ్రంగా తిప్పి నిప్పుబంతి పదిసార్లు వేయండి. ఏడెనిమిది సార్లు పడితే డీ ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) బాగుంది, బంతికి బదులు మాటిమాటికీ పైకి ఎగురుతుంటే ఇంకో పీస్ ఇమ్మనండి. ఇంటికి రాగానే పెట్టెలో వచ్చిన మెమరీ కార్డ్ తీసి, పేరున్న కంపెనీ కార్డ్‌లోకి అంతా కాపీ చేసుకోండి. వాళ్లు పెట్టేది అత్యంత చవక రకం, పోయిన రోజు మీ సేవ్‌లన్నీ దాంతోపాటే పోతాయి.